సీసా మీద పేరు

వడ్లగింజంత ముక్క.
ఆపరేషన్ గది నుంచి ఐసు డబ్బాలో
మెట్ల మీదుగా మా గదికి దిగివచ్చింది.
చీటీ మీద అరబ్బీలో, కింద ఇంగ్లీషులో:
బొమ్మెన లచ్చన్న, ముప్పై మూడు, ఎడమ మోకాలు.

ప్రతి మోకాట్లోనూ బరువు పడని మూల ఒకటుంటుంది.
డాక్టరు అక్కడి నుంచే గిల్లుతాడు.
నేను దాన్ని సన్నగా తరిగి
ఎంజైము నీళ్ళలో రాత్రంతా ఉంచాను,
ఇంట్లో పెసలు నానేసినట్టు.
పొద్దున చూస్తే తెల్లటి మెత్తదనమంతా కరిగి
కణాలు మిగిలాయి, విడివిడిగా, గుండ్రంగా,
ఒకదానికొకటి ఏమీ కానట్టు.

మృదులాస్థికి రక్తం అందదు.
అందుకే తెగితే మానదు.
మా చిన్నమ్మ పన్నెండేళ్ళు జహ్రాలో
ఒకే ఇంట్లో నేల తుడిచింది.
ఆమె మోకాళ్ళ నుంచి ఎవరూ ఏమీ గిల్లలేదు.
బామ్ రాసుకోమన్నారు.

లచ్చన్నది జగిత్యాల పక్క ఊరు. టైల్స్ మేస్త్రి.
సాల్మియాలో పరంజా మీంచి పడ్డాడు.
కంపెనీ ఇన్సూరెన్సు ఒప్పుకుంది,
ఎలా ఒప్పుకుందో నాకెవరూ చెప్పలేదు.
సంతకాల రోజు తెలుగు వచ్చని నన్ను పిలిచారు.
నా కడప మాటకి ఆయన నవ్వాడు, ఆయన మాటకి నేను.
"మేడం, నడిమిట్ల టైల్ పలిగితే
సోఫా కింద కనవడనిది పీకి ఆడ వెడ్తం.
గిది గూడ గంతేనా?"
కాదబ్బా, అన్నాను. టైలు పెరగదు గదా.
"మరి గిది వెరుగుతదా?"
పెరుగుతుంది.
"ఎవలు మేపుతరు?"
నేనే.

మేపాను.
మూడు రోజులకోసారి గులాబీరంగు నీళ్ళు మార్చాను.
శుక్రవారం కూడా, రోడ్లన్నీ ఖాళీగా ఉన్న పూట,
బస్సు దొరక్క టాక్సీకి మూడు దినార్లు పోసి.
పెట్టెలో ముప్పై ఏడు డిగ్రీలు.
బయట నలభై తొమ్మిది.

ఒక సంగతి ఆయనకి చెప్పలేదు.
సీసా అడుగున, బల్లపరుపు నేల మీద
ఈ కణాలు వేలవుతాయి, లక్షలవుతాయి,
కానీ మారిపోతాయి.
గుండ్రంగా ఉన్నవి సాగి, చదునై, కాళ్ళు చాపి
తాము మోకాలివన్నది మరిచిపోతాయి.
ఎంత ఎక్కువైతే అంత మరపు.
అందుకే ఒక సీసా నుంచి ఇంకో సీసాకి
రెండుసార్లు మారుస్తాం.
మూడోసారికి నాకు చెయ్యి ఆడదు.
తిరిగి మోకాట్లో, కాస్త లోతు దొరికితే,
గుర్తొస్తుంది.
అన్నిటికీ కాదు. చాలావాటికి.

ఐదో వారం. కోటీ ఇరవై లక్షలు.
కళ్ళకి మాత్రం చెంచాకి కూడా రాని మబ్బు.
డాక్టరు దాన్ని జిగురుతో కలిపి గుంటలో నింపాడు.
ఆరు వారాలు కాలు మోపొద్దు.
ఏడాది దాకా మోకాళ్ళ మీద కూర్చోవద్దు.
లచ్చన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు.
అకామా నాలుగు నెలల్లో అయిపోతుంది.
"కూసోకుంట టైలెట్ల ఏస్తరు మేడం?"
అని, తనే కాసేపు ఆలోచించి,
"గోడలు గూడ ఉంటయి గద" అన్నాడు.

గోడల పని దొరకలేదు.

పోయేముందు ఒక కాగితం మిగిలింది.
వాడగా మిగిలిన కణాలు చిన్న బుడ్డిలో ఉన్నాయి,
ద్రవ నైట్రోజన్‌లో,
సున్నాకి కింద నూట తొంభై ఆరు.
ఉంచాలా, పారెయ్యాలా?
చేతికర్ర గోడకి ఆనించి
ఆయన చాలాసేపు పెన్ను పట్టుకున్నాడు.
"ఉండనియ్యి మేడం.
కువైట్ల నాది గంతన్న
వంగకుంట ఉంటది."

తారీఖు వేశాను. రెండేళ్ళు.
మూడో వరస, పదకొండో గడి.
సోమవారాలు ట్యాంకు మూత తీసి
మట్టం కొలిచి పుస్తకంలో రాస్తాను.
తెల్లటి పొగ కాసేపు నేల మీద పాకి పోతుంది.
చీటీలన్నీ చదవాలని రూలేం లేదు.
ఒక్కటి చదువుతాను, పైకే,
గదిలో ఎవరూ లేకపోతే:
బొమ్మెన లచ్చన్న. ఎడమ మోకాలు.